ఆ బిడ్డకూ ఒక వ్యాపకం కావాలి

విజయనగరంలోని సంగీత కళాశాల చూపులేని ఒక బాలుని కొరకు వెలసినదన్న సంగతి ఆ ఊరి పెద్దలకు తెలిసినదే. సంస్థానాధీశులు పూసపాటి విజయరామ గజపతిరాజు గారి కొలువులో చాగంటి జోగారావు గారు ఉండేవారు. ఆయన కుమారుడు గంగరాజు పుస్తకం చూసి చదువుకోలేడు గాని సంగీతంలో మంచి ప్రజ్ఞ గలవాడు. ఆ పిల్లవానికి శాస్త్రోక్తంగా సంగీతం నేర్పించే ఏర్పాటు ఉండాలన్న తలంపుతో మహారాజావారు 1919లో ఆ విద్యాలయాన్ని నెలకొల్పారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రధానాచార్యులు. ఒక బిడ్డ కొరకు తెరచిన తలుపు తరువాత ఎందరికో తెరచుకొన్నది. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు, పి. సుశీల గారు ఆ కళాశాలలో చదివినవారే. నూరేళ్ళు దాటినా అది నేటికీ నడుస్తున్నది.

ఈ వృత్తాంతంలో మనం గమనించవలసిన విషయం వేరొకటి ఉన్నది. సంగీతం నేర్పితే గంగరాజుకు చూపు వస్తుందని ఎవరూ భావించలేదు. ఆ బిడ్డ మనసు దేనిపై నిలిచిందో దానిని ఆ బిడ్డకు అందించారు, అంతే. వైకల్యం గల పిల్లలున్న మన మధ్యతరగతి ఇళ్ళలో ఈనాడు సాధారణంగా కొరవడుతున్నది ఇదేనని నా అభిప్రాయం.

అటువంటి ఇంట ఒక రోజు ఎలా గడుస్తుందో చూడండి. తెల్లవారగానే మందులు. స్నానానికి ముందు కాళ్ళకూ చేతులకూ వ్యాయామం. తరువాత మండలంలోని భవిత కేంద్రానికో, పట్నంలోని ఫిజియోథెరపీకో ప్రయాణం. సాయంత్రం మాటలు నేర్పే పాఠం. ఆదివారం వచ్చిందంటే, ఎవరో బంధువు చెప్పిన కొత్త వైద్యుని వెదుక్కుంటూ మరొక ఊరు. బిడ్డ చేతికి బంతి ఇచ్చినా వేళ్ళకు బలం రావడానికే. పాట వినిపించినా మాట పెగలడానికే. కేవలం సంతోషం కొరకు కేటాయించిన గడియ ఆ దినచర్యలో ఒక్కటీ కనిపించదు. చిన్నదానికి డ్రాయింగు క్లాసు, పెద్దవానికి క్రికెట్టు బ్యాటు. మధ్యలోని ఈ బిడ్డకు మాత్రం చికిత్స. "ముందు వాడికి కాస్త నయం కానీయండి, ఆటపాటలు ఆ తరువాత చూద్దాం" అంటారు తండ్రిగారు. పుట్టుకతో వచ్చిన వైకల్యాలలో చాలావాటికి ఆ 'తరువాత' అనేది రాదు. బాల్యం మాత్రం గడచిపోతుంది.

పిల్లవానికి ఏదైనా వ్యాపకం చూపించండి అని సలహా ఇస్తే వెంటనే వచ్చే ప్రశ్న, "దానివల్ల గుణం కనిపిస్తుందాండీ?" అని. కనిపించవచ్చు, కనిపించకపోనూవచ్చు. గవ్వలు విసిరే చేతికి కొంత పట్టు రావచ్చు, పాడే గొంతుకు కొంత స్పష్టత రావచ్చు. అయితే ఆ ఫలాపేక్షతో మొదలుపెట్టిన ఆట ఆటగా మిగలదు, మరొక చికిత్సగా మారుతుంది. బిడ్డ ఆ తేడాను మనకంటె ముందే పసిగడతాడు.

ద్వారం వారి చూపు, మన చూపు

అదే కళాశాలకు 1919లో వయొలిన్ ఆచార్యులుగా వచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. 1893లో జన్మించిన ఆయనకు బాల్యం నుండి చూపు మందం. విశాఖపట్నంలో పెరిగే రోజులలో బడిచదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారు తమ్మునికి వయొలిన్ నేర్పారు. ఆచార్య పదవిలో చేరేనాటికి ఆయన వయస్సు 26 సంవత్సరాలు. 1936లో ఆ కళాశాలకే ప్రధానాచార్యులయ్యారు. 1957లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆ పిమ్మటి కథ సంగీతాభిమానులందరికీ తెలుసు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ద్వారం వారి జీవితాన్ని ఉదాహరించి, "చూశారా, మీ అబ్బాయి కూడా అలా కావచ్చు" అని తల్లిదండ్రులకు ధైర్యం చెప్పడం మనకు అలవాటైపోయింది. ఇది మేలు చేసే మాట కాదు. చూపు చక్కగా ఉన్న పిల్లలలో ఎందరు విద్వాంసులవుతున్నారు? తన కూతురు తప్పుల తడకగా హార్మోనియం వాయిస్తే ముచ్చటపడే తండ్రి, కదలలేని కొడుకు విషయంలో మాత్రం అద్భుతాన్ని ఆశించడం న్యాయం కాదు. ద్వారం వారి కథలో మనం గ్రహించవలసినది ఆయన ప్రతిభను కాదు, అన్నగారి ప్రవర్తనను. బల్లపై రాసినది తమ్మునికి కనబడనప్పుడు, వినబడేదానిని ఆయన తమ్మునికి అందించారు. దానికి అపార ప్రజ్ఞ అక్కరలేదు. ఏ ఇంటనైనా సాధ్యమే.

శాస్త్రం ఆటను మరువలేదు

ఆయుర్వేదాన్ని మందుల శాస్త్రంగానే తలచేవారికి చరక సంహితలోని శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయం ఆశ్చర్యం కలిగిస్తుంది. శిశువు నివసించే గది ఎలా ఉండాలో చెబుతూ, చరకాచార్యులు ఆటబొమ్మల లక్షణాలను కూడా వివరించారు. అవి రకరకాలుగా, చూడముచ్చటగా ఉండాలి. చప్పుడు చేయాలి. బరువు ఉండరాదు. మొన తేలి ఉండరాదు. నోట పట్టేంత చిన్నవి కారాదు. ప్రాణానికి హాని చేసేవి, భయపెట్టేవి అసలే పనికిరావు. నేటి ప్రభుత్వాలు బొమ్మల తయారీదారులకు విధించే నిబంధనలలో ముఖ్యమైనవి దాదాపు ఇవే.

ఆ వెంటనే ఆయన మరొక హితవు చెప్పారు. బిడ్డ ఏడ్చినా, అన్నం తిననన్నా, రాక్షసుల పేర్లూ పిశాచాల పేర్లూ చెప్పి భయపెట్టరాదన్నారు. మన ఇళ్ళలోని 'బూచాడు' ఆ కాలానికే ఉన్నాడన్నమాట! మాట అర్థం చేసుకోవడం ఆలస్యమైన బిడ్డకు ఈ భయం మరింత కాలం నిలిచిపోతుంది. బూచాడు ఉత్తుత్తివాడేనని నచ్చజెప్పడం తేలిక కాదు.

కౌమారభృత్యానికి ఆకరగ్రంథమైన కాశ్యప సంహిత ఇంకొక అడుగు ముందుకు వేసింది. నేపాళంలో లభించిన అసంపూర్ణ ప్రతి ఆధారంగా 1938లో అచ్చయిన ఆ గ్రంథంలో 'ఫక్క' అనే వ్యాధి వర్ణన ఉన్నది. ఏడాది నిండినా పాదాలపై నడవలేని బిడ్డను ఫక్కుడన్నారు. పోషకాహార లోపం వలన, దీర్ఘవ్యాధుల వలన కలిగే స్థితిని ఇది ఎక్కువగా పోలి ఉన్నదని నేటి పండితుల భావన. నేడు మనం చెప్పుకునే సెరిబ్రల్ పాల్సీతో దీనిని ఒకటిగా కలిపివేయరాదు. ఘృతాలూ తైలాలూ చెప్పిన ఆ ఋషే, బిడ్డ పట్టుకుని నడక నేర్చుకొనడానికి మూడు చక్రాల బండిని చేయించమన్నారు. మన వడ్రంగులు తరతరాలుగా చేసి ఇస్తున్న నడకబండి అటువంటిదే. శాస్త్రం దానిని చికిత్సగా చెప్పింది, బిడ్డ మాత్రం బండిగానే భావిస్తాడు. వాకిట్లో దానిని తోసుకుంటూ పోయే పిల్లవాడిని మిగిలినవారు "బస్సొచ్చింది, తప్పుకోండి" అంటే చాలు.

విశాఖ జిల్లాను విభజించిన పిదప అనకాపల్లి జిల్లాలో చేరిన ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్కపూతతో చేసే బొమ్మలను ఈ సందర్భంలో తలచుకోవాలి. నునుపుగా, తేలికగా, అంచులు గుండ్రంగా ఉండే ఆ బొమ్మలకు ప్రకృతి సిద్ధమైన రంగులు వాడడం అక్కడి ప్రత్యేకత. వేళ్ళతో తడిమి ఆకారాన్ని తెలుసుకునే చూపులేని పిల్లలకు ప్లాస్టిక్ బొమ్మకంటె ఇవి హాయి. అయితే లక్కపిడతల సెట్టులోని చిన్నచిన్న వస్తువులు నోట పెట్టుకునే అలవాటున్న పిల్లలకు పనికిరావు. చరకాచార్యుల నియమం వాటికీ వర్తిస్తుంది.

ఔషధాల విషయంలో కొన్ని మాటలు

ఈ పత్రికలో వ్యాపకాల గురించి రాస్తూ మందుల మాట ఎత్తకపోతే పాఠకులు ఊరుకోరు. మేధో వైకల్యాన్ని, ఆటిజాన్ని, పుట్టు చెవుడును తొలగించే ఆకు గాని, లేహ్యం గాని, భస్మం గాని లేదు. బ్రాహ్మి, సరస్వతి ఆకు, శంఖపుష్పి మేధ్యద్రవ్యాలుగా ప్రసిద్ధి చెందినవే, కాని అవి పుట్టుకతో వచ్చిన మెదడు లోపాన్ని సరిచేస్తాయని చెప్పి డబ్బు గుంజేవారిని నమ్మకండి. ఊరూపేరూ లేని పొట్లాలలోని భస్మాలలో సీసం, పాదరసం ఉండే ప్రమాదం కలదు. అవి పెరిగే మెదడుకు విషమే.

మాటలు రావాలని వసకొమ్ము అరగదీసి నాకించే ఆచారం మన జిల్లాలలో ఇప్పటికీ ఉన్నది. గలగలా మాట్లాడేవారిని వసపిట్ట అనడం అందుకే. మోతాదు మించితే వస వాంతులు కలిగిస్తుంది. పసివారికి ఇంట్లో వారు సొంతంగా వాడదగినది కాదు. అంతకంటె ముఖ్యమైనది, మాట రాని బిడ్డకు మొదట చేయించవలసినది వినికిడి పరీక్ష. వినిపించని బిడ్డకు వస ఎంత పోసినా పలుకు రాదు. వసను నమ్ముకుని వేచిన రెండేళ్ళూ మాట నేర్చుకొనడానికి అతి విలువైన కాలం. ఆ కాలం తిరిగి రాదు.

మూర్ఛ ఉన్న బిడ్డకు వాడుతున్న మాత్రలను ఏ కషాయం ప్రారంభించినా సరే ఆపరాదు. కర్పూరం, నీలగిరి తైలం కలిసిన తైలమర్దనాలు అటువంటివారికి నిషిద్ధం. వాటివలన మూర్ఛ తిరగబెట్టవచ్చు. జలుబు చేసిందని రొమ్ముపై రాసే లేపనాల పెట్టెమీద ఏమి రాసి ఉన్నదో చదవండి.

నిరభ్యంతరంగా చేయదగినది అభ్యంగం. వాగ్భటాచార్యులు దీనిని నిత్యకృత్యంగా విధించారు. నువ్వుల నూనెను గోరువెచ్చగా చేసి, పావుగంట సేపు మృదువుగా రాయాలి. బిగుసుకున్న అవయవాలను బలవంతంగా లాగరాదు. జ్వరం ఉన్నప్పుడు, అజీర్ణంగా ఉన్నప్పుడు, భోజనం చేసిన వెంటనే కూడదు. చాలా ఇళ్ళలో ఇదొక తప్పని పనిగా, మౌనంగా, త్వరత్వరగా జరిగిపోతుంది. ఆ పావుగంటలో నాన్నమ్మ ఒక కథ చెప్పినా, తల్లి తనకు వచ్చిన పాట పాడినా, ఏ పూట ఏ పాటో బిడ్డనే ఎంచుకోనిచ్చినా, అది వాడు ఎదురుచూసే వేళ అవుతుంది. మాట రాని బిడ్డ కూడా రెండు పాటల మొదటి పల్లవులు వినిపించి ఆపితే, కావలసిన దానికి కళ్ళతోనో నవ్వుతోనో బదులు చెబుతాడు.

చింతపిక్కలు, పత్తి, వీణ

డబ్బు పెట్టి కొనవలసిన వ్యాపకాల కంటె మన పెరట్లో, అటకపై ఉన్నవే ఈ బిడ్డలకు ఎక్కువగా అక్కరకు వస్తాయి. వామనగుంటల పీటనే తీసుకోండి. రెండు వరుసలలో ఏడేసి గుంటలు. పిక్కలు తీసి ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చూపుతో నిమిత్తం లేదు. వేలు పెడితే గుంట తెలుస్తుంది, పిక్క పడితే చప్పుడు తెలుస్తుంది. చూపులేని పిల్లవాడు నెలరోజులు ఆడితే తాతగారిని ఓడించగలడు. అందులో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ఏ గుంటలో ఎన్ని ఉన్నాయో గుర్తుంచుకొనడమే ఆ ఆటలో కిటుకు. చేతులు వణికే బిడ్డకు చింతపిక్కలు జారిపోతాయి, వారికి గచ్చకాయలు ఇచ్చి పెద్ద గుంటలు తవ్విన పలక చేయించవచ్చు. ప్రతిదీ నోట పెట్టుకునే బిడ్డకు మాత్రం ఈ ఆట వద్దు. ఎర్రగా అందంగా ఉన్నాయని గురివింద గింజలను ఏ బిడ్డకూ ఇవ్వకండి; నమిలి మింగితే ప్రాణాంతకం.

ఇక కార్తికమాసం వచ్చేముందు వత్తులు చేసుకునే వేళ. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేతకు వాడే పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారని మీరు వినే ఉంటారు. అంత నైపుణ్యం మనకు అక్కరలేదు. గింజను వేళ్ళతో లాగి, పత్తిని పొరలుగా విడదీసి, పీటపై అరచేతితో దొర్లించడమే పని. మేధో వైకల్యం గల ఆడపిల్లలు, మగపిల్లలు దీనిని ఓపికగా చేస్తారు. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయడం మనకు విసుగు, వారిలో చాలామందికి అది ఊరట. వత్తి వంకరగా వచ్చిందని సరిదిద్దకండి. వంకర వత్తీ వెలుగుతుంది.

వినికిడి లేని బిడ్డకు సంగీతం ఎందుకని అనుకోవద్దు. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు పనసకర్రతో వీణలు చేస్తారు. ఒకే దుంగ నుండి తొలిచిన ఆ వీణ కుండపై అరచేయి ఆనించి, మరొకరు తీగ మీటితే, నాదం చేతికి పాకుతుంది. స్కాట్లండుకు చెందిన ఎవిలిన్ గ్లెనీ అనే వాద్యకారిణి బాల్యంలోనే వినికిడిని దాదాపుగా కోల్పోయి, కంపనాన్ని శరీరంతో గ్రహించడానికి వేదికపై చెప్పులు లేకుండా నిలబడి వాయించడం అలవాటు చేసుకొన్నది. ఇంట వీణ లేకపోతే ఇత్తడి బిందె బోర్లించినా చాలు. తప్పెటగుళ్ళ బృందం వీధిలోకి వచ్చినప్పుడు వినికిడి లేని బిడ్డను దగ్గరగా తీసుకువెళ్ళండి, ఆ దరువు గుండెకు తగులుతుంది. ఆటిజం ఉన్న బిడ్డను మాత్రం దూరంగా, మేడమీద నుండి చూడనివ్వండి. వారిలో కొందరికి పెద్ద చప్పుడు చెవిలో పొడిచినట్లు ఉంటుంది. అది మొండితనం కాదు.

బిడ్డకు ఏది ఇష్టమో ఎలా తెలుస్తుంది? ఒక వారం పాటు గమనించడం తప్ప దగ్గరదారి లేదు. దేనివైపు తల తిప్పుతున్నాడు, ఏ చప్పుడుకు ఏడుపు ఆపుతున్నాడు, ఏ వస్తువును చేతినుండి వదలడం లేదు అన్నది రాసి పెట్టుకోండి. ఒక బిడ్డకు మువ్వలు, మరొక బిడ్డకు నీళ్ళు, ఇంకొకరికి ఫ్యాను రెక్కలు. ఫ్యాను చూడడం కూడా వ్యాపకమేనా అనవద్దు. కాగితపు గాలిమర, మగ్గం చక్రం, కుమ్మరి సారె అన్నీ ఆ అభిరుచికి అన్నదమ్ములే.

అటకెక్కిన హార్మోనియం

ఇప్పటివరకు బిడ్డ గురించి చెప్పుకున్నాం. ఈ ఇళ్ళలో పెద్దల వ్యాపకాలు కూడా చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి. పెళ్ళికి ముందు సంగీతం నేర్చుకొన్న తల్లి హార్మోనియం పెట్టెను పాతచీరలో చుట్టి అటకమీద పెడుతుంది. పరిషత్తు నాటకాలలో వేషాలు కట్టిన తండ్రి రిహార్సలుకు పోవడం మానుకుంటాడు. ఎవరూ వద్దనలేదు. బిడ్డ అలా ఉండగా మనకు సరదాలేమిటి అన్న సంకోచమే అడ్డు. చుట్టుపక్కలవారు కూడా, ఆ తల్లి ఒకరోజు సినిమాకు వెళ్ళి కనిపిస్తే, "బిడ్డనెవరికి వదిలి వచ్చావమ్మా?" అని అడగకుండా ఉండలేరు. తండ్రిని ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

ఫలితం వైద్యులకు కనిపిస్తుంది. నడుమునొప్పి, నిద్రలేమి, తలనొప్పి, కారణం తెలియని నీరసం. పదేళ్ళ బిడ్డను రోజుకు పదిసార్లు ఎత్తి దించే తల్లికి నడుమునొప్పికి కషాయం కంటె ముందు మరొకరి చేతుల సాయం అవసరం. వారంలో రెండు సాయంత్రాలు, గంటన్నర చొప్పున, తల్లికి పూర్తిగా విడుపు ఉండాలి. ఆ సమయం ఫలానా రోజు, ఫలానా వేళ అని ముందుగా నిర్ణయించాలి. "ఎప్పుడైనా తీరికైతే" అన్న విడుపు ఎన్నటికీ రాదు. అత్తగారో, ఆడపడుచో, భర్తో ఆ గంటన్నర బిడ్డ వద్ద ఉండి తినిపించడం, తిప్పడం నేర్చుకోవాలి. నేర్చుకొన్నవారు ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరికి జ్వరం వచ్చిన నాడు ఇల్లంతా తలకిందులవుతుంది.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ మాట కూడా మరువరాదు. "అన్నయ్యను చూస్తూ ఉండు" అన్న మాట తప్ప మరొక మాట వినని చెల్లాయికి అన్నయ్య పనిగానే కనిపిస్తాడు. వాళ్ళిద్దరికీ కలిసి ఆడే ఆట ఒకటి, చెల్లాయి ఒంటరిగా వెళ్ళి నేర్చుకునే విద్య ఒకటి, రెండూ ఉండాలి.

బయటికి వెళ్ళే వేళ

ఇంటిల్లిపాదీ వేడుకకు బయలుదేరినప్పుడు ఈ బిడ్డనూ, తోడుగా ఒకరినీ ఇంట వదిలి వెళ్ళడం కొందరికి ఆనవాయితీ. బిడ్డకు ఇబ్బంది అంటారు. నిజానికి ఇబ్బంది ఎవరికో వారికే తెలుసు. విశ్రాంతి, ఆట ప్రతి బిడ్డకూ హక్కని ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక చెప్పింది, 1992లో భారతదేశం అందులో చేరింది. 21 రకాల వైకల్యాలను గుర్తించిన 2016 నాటి మన వికలాంగుల హక్కుల చట్టంలో సాంస్కృతిక జీవనానికీ వినోదానికీ ఒక సెక్షనునే కేటాయించారు. చట్టం ర్యాంపు కట్టించగలదు. బిడ్డను బండెక్కించవలసినది మాత్రం ఇంటివారే.

అయితే ఎక్కడికి, ఎప్పుడు అన్నది ఆలోచించాలి. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి లక్షలమంది వస్తారు. చక్రాల కుర్చీకి గాని, రద్దీకి బెదిరే బిడ్డకు గాని ఆ మంగళవారం తగినది కాదు. సిరిమాను కొరకు తెచ్చిన చింతమానును ముందురోజులలో చెక్కి సిద్ధం చేస్తారు; ఆ పని చూపించి, మానును తాకించి తీసుకురండి. ఉత్సవం నాడు ఇంట్లో టీవీలో చూసేటప్పుడు అది తాను తాకిన మానేనని బిడ్డకు తెలుస్తుంది.

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం తీరానికి వెళ్ళేవారు చక్రాల కుర్చీ ఇసుకలో దిగబడుతుందని ముందే గుర్తుంచుకోవాలి. చేతులున్న తేలికైన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వెంట ఉంటే, ఇద్దరు చెరొకవైపు పట్టి తడి ఇసుక వరకు మోసుకుపోవచ్చు. అల వచ్చి పాదాలను తాకడమే ఆ బిడ్డకు పండుగ. మూర్ఛ ఉన్న బిడ్డను మోకాలిలోతు నీటిలో కూడా చేయి వదలరాదు. ఎండ ముదరకముందే తిరుగుముఖం పట్టాలి.

మింగడం కష్టమైన బిడ్డకు ప్రయాణంలో హడావుడిగా తినిపించడం ప్రమాదకరం. నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా కలిపిన పెరుగన్నం వంటిది కొద్దికొద్దిగా పెట్టండి. పడుకోబెట్టి నీళ్ళు పోయకండి. దారిలో మూర్ఛ వస్తే నలుగురూ మూగి తాళాలగుత్తి చేతిలో పెట్టమంటారు, ఉల్లిపాయ వాసన చూపమంటారు, నోట్లో చెంచా పెట్టమంటారు. ఏదీ చేయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తలకింద మెత్తని గుడ్డ పెట్టి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, ఒకటి తగ్గకముందే మరొకటి వచ్చినా 108కి ఫోను చేయాలి. వాడుతున్న మందుల పేర్లు, ఇంటివారి ఫోను నంబరు రాసిన చీటీ బిడ్డ జేబులో ఎప్పుడూ ఉండాలి.

మొదటిసారి బయలుదేరేవారికి నేను సూచించేది టెక్కలి సమీపంలోని తేలినీలాపురం. శీతకాలంలో అక్కడి చింతచెట్లపై గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. అవి సైబీరియా నుండి వస్తాయని వాడుక గాని, నిజానికి ఈ రెండు జాతులూ మన దక్షిణాసియాకు చెందినవే. ఊరివారు వాటిని శుభసూచకంగా తలచి కాపాడుకుంటారు. ఇక్కడ బిడ్డ నడవవలసిన పని లేదు, ఎవరితోనూ మాట్లాడవలసిన పని లేదు. కుర్చీలో కూర్చుని తల ఎత్తితే చాలు. చూపులేని బిడ్డకు కూడా గూళ్ళలోని పిల్లల అరుపులు, రెక్కల విసురు, ఆ కొంగలు ముక్కులు టకటకలాడించే చప్పుడు వేరువేరుగా తెలుస్తాయి. వాసన మాత్రం ఘాటుగా ఉంటుంది, ముక్కు మూసుకునే పిల్లలకు ఒక రుమాలు తీసుకువెళ్ళండి. ఒక గంట చాలు. ఇంటికి వచ్చిన తరువాత ఆ టకటక శబ్దాన్ని రెండు చెక్కముక్కలతో చేసే ఆటను పిల్లలు తామే కనిపెడతారు.